అమ్మ వక్కాకు తిత్తిలో దొరికిన మాత్రలు

మా అమ్మకు 76 ఏళ్లు. నాయన పోయిన తర్వాత ఆమె పుత్తూరు విడిచి తిరుపతిలో, బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చింది. మొదట్లో పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. ఒకరోజు గోవిందరాజస్వామి గుడికి వెళ్లి, తిరిగి వచ్చే దారి తెలియక గాంధీ రోడ్డులో పూలమ్మే ఆమె పక్కన కూర్చుండిపోయింది. న్యూరాలజీ డాక్టరు 30 మార్కులకు జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే 17 వచ్చాయి. థైరాయిడ్, బి12 లోపాల వల్ల కూడా మతిమరుపు రావచ్చు కనుక ఆ రక్తపరీక్షలూ తల స్కానింగూ చేయించి, చివరికి అల్జీమర్స్ అని తేల్చి, డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టారు. ఆ మాత్ర జబ్బును నయం చేయదని, కొంతకాలం లక్షణాలను కాస్త అదుపులో పెట్టగలదని ఆయన దాచకుండా చెప్పారు.

నేను చంద్రగిరి దగ్గర బడిలో ఉపాధ్యాయినిని, మా ఆయన ఉద్యోగం శ్రీకాళహస్తిలో. ఇద్దరమూ పొద్దున ఎనిమిదికల్లా ఇల్లు వదలాలి. అందుకే ఊళ్లోని ఒక హోమ్ కేర్ ఏజెన్సీతో మాట్లాడి, ఉదయం రెండు గంటలు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా ఒక మనిషి వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాము. ఆ నడుమ గంటలలో ఎదురింటి పిన్ని వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది. వచ్చేవాళ్ల ఆధార్ నకళ్లు, పోలీస్ వెరిఫికేషన్ కాగితాలు అడిగి తీసుకున్నాను. నా భయమంతా నగల మీద, తలుపు గడియల మీద ఉండేది, అసలు చిక్కు వేరే చోట ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి నెలలోనే ఏడుగురు మారారు. ఒక్కొక్కరికీ స్నానానికి వేడినీళ్లు ఎంత కావాలో, అమ్మకు ఎడమ చెవి సరిగ్గా వినపడదని, తెల్లచీర కడితే ఏడుస్తుందని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది. ముక్కూమొగం తెలియని మనిషి వచ్చి చీర విప్పబోతే ఏ ఆడమనిషైనా ఏమి చేస్తుందో అమ్మా అదే చేసింది: కొట్టింది, గోళ్లతో రక్కింది. ఏజెన్సీ పుస్తకంలో మాత్రం ‘పేషెంట్ సహకరించలేదు’ అని రాసిపెట్టారు.

అమ్మ నడుముకు ఎప్పుడూ ఒక వక్కాకు తిత్తి ఉంటుంది. ఏ చీర మార్చినా అది మారదు, ఎవరినీ ముట్టనివ్వదు. ఒక ఆదివారం ఆమె నిద్రలో ఉండగా అది జారి మంచం కింద పడితే తీశాను. లోపల రెండు వక్కలు, ఎండిన తమలపాకు, ఐదు రక్తపోటు మాత్రలు కనిపించాయి. మాత్రలు ఒకసారి నోట్లో నాని ఆరినట్టు అంచులు కరిగి, సున్నం అంటుకుని ఉన్నాయి. చార్టులో ఆ ఐదు రోజులకూ ‘మాత్ర ఇచ్చాము’ అని టిక్కు పెట్టి ఉంది. నిజంగా ఇచ్చే ఉంటారు, అమ్మ మింగిందో లేదో నిలబడి చూసినవాళ్లు లేరు. అదే వారం ఆమె కుడి దండచెయ్యి మీద నాలుగు వేళ్ల అచ్చులు నీలంగా కనిపించాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా ఎవరి మీదా నింద వేయకూడదనుకుని, తేదీ పడేలా ఫోటోలు తీసి, ముందు డాక్టరుకు చూపించాను. రక్తం పలుచబడే మాత్ర వేసుకునే పెద్దవాళ్లకు కొద్దిపాటి ఒత్తిడికే చర్మం కమిలిపోతుందని, అయినా చేయి పట్టి లాగి లేపుతున్నారేమో కనుక్కోమని ఆయన అన్నారు. అడిగితే ఆ వారం వచ్చిన అమ్మాయి తల వంచుకుని, ‘లేపేటప్పుడు ఎట్లా పట్టుకోవల్లో మాకు ఎవురూ చూపించలేదక్కా’ అంది. పనిలో చేరి తొమ్మిది రోజులైన పిల్ల అది. నా కోపం ఆమె మీద నుంచి, ఆమెను ఏమీ నేర్పకుండా పంపినవాళ్ల మీదకు మళ్లింది.

సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, రోజూ ఒకే మనిషిని పంపమని అడిగినప్పుడు వచ్చిన జవాబు నేను ఈ జన్మలో మరిచిపోలేను: ‘అమ్మగారికి ఎట్లాగూ గుర్తుండదు కదా మేడమ్, ఎవరొచ్చినా ఒకటే.’ ఈ జబ్బులో ముందుగా పోయేది నిన్నటి సంగతి, పొద్దున విన్న పేరు. గొంతులోని నెమ్మది, తెలిసిన చేతి స్పర్శ, పక్కన మనిషి ఉంటే భయమో నిబ్బరమో అన్న భావన చాలా కాలం నిలుస్తాయి. పేరు గుర్తుపెట్టుకోలేని మనిషికే ముఖం మారకుండా ఉండటం అందరికన్నా ఎక్కువ అవసరం.

ఫోన్‌లో మాటలు గాలికి పోతాయని అప్పటికి అర్థమైంది. కేంద్ర ప్రభుత్వం వృద్ధుల కోసం నడిపే ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేసి మాట్లాడాను. వాళ్లు ఓపికగా విన్నారు. తర్వాత తేదీల వారీగా ఎవరు వచ్చారు, ఏమి జరిగింది అన్నది ఒకటిన్నర పేజీ రాసి, ఫోటోలు జతచేసి ఏజెన్సీ యజమానికి ఇచ్చాను. ఇద్దరే మనుషులు ఖాయంగా రావాలి, మూడో మనిషి రావాల్సి వస్తే ముందు రెండు రోజులు పాతవాళ్లతో కలిసి రావాలి, మాత్ర మింగాక నోరు తెరిపించి చూసిన తర్వాతే టిక్కు పెట్టాలి, పెద్దవాళ్లను లేపే పద్ధతి నర్సు చేత నేర్పించాలి అని అడిగాను. డబ్బు తీసుకుని చేసే సేవ కనుక 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీనికీ వర్తిస్తుందని చివర ఒక వాక్యం రాశాను. బెదిరింపుగా కాదు, అవసరమైతే నిజంగానే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకున్నాను. వెళ్లాల్సిన పని పడలేదు. పది రోజుల్లో ఒప్పుకున్నారు.

హాల్లో కెమెరా పెట్టించాను, ఆ సంగతి వచ్చేవాళ్లకు ముందే చెప్పాను. స్నానాల గదిలోనూ పడకగదిలోనూ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అమ్మ మానం అమ్మదే.

ఇప్పుడు మధ్యాహ్నం వచ్చేది పాకాల వైపు మనిషి, నలభై దాటిన ఆమె. సాయంత్రం ఐదు దాటితే అమ్మ వాకిట్లోకి వచ్చి, ‘పొద్దు గూకతా ఉంది, ఇంటికి పోవల్ల’ అని మొదలుపెడుతుంది. ఇంతకుముందు వచ్చినవాళ్లు ఇదే మీ ఇల్లు అని వాదించి ఆమెను ఇంకా రేపేవాళ్లు. ఈమె మాత్రం ‘పోదాం లేమ్మా, కాఫీ తాగి పోదాం’ అంటుంది, చెప్పులు తొడిగి వీధి చివర వేపచెట్టు దాకా నడిపిస్తుంది. అక్కడ అమ్మ కాసేపు నిలబడి, తనంతట తానే వెనక్కు తిరుగుతుంది.

మే నెలలో గంగమ్మ జాతరకు ఆమె నాలుగు రోజులు సెలవు అడిగింది. ఆ రోజులకు రావాల్సిన మనిషి సోమవారం నుంచి ఆమె వెంట వస్తోంది. రాత్రిళ్లు అమ్మ రెండు మూడుసార్లు లేచి తలుపు గడియ తడుముతోంది కనుక, రాత్రి మనిషిని పెట్టుకోవాలా అన్నది వచ్చే నెల డాక్టరును అడగాలి.