కర్రోడి పేలు, కడప బండలు

మా కర్రోడు ఊరకుక్క. రెండేళ్ల కింద వానలో తడుస్తా మా గేటు కాడికొచ్చి పడుకునేసినాడు, ఇంక పోలేదు. మాది కడపలో పాత ఇల్లు. నేలంతా నల్ల కడప బండలు, మా అబ్బ పరిపించినవి. బండకీ బండకీ మధ్య సున్నం ఊడిపోయి సందులు పడినాయి. ఈ సందుల మాట ముందే చెప్పి పెడతాండా, తర్వాత పని పడుతుంది.

పోయిన సెప్టెంబరులో వానలు పట్టుకున్నాక వాడు గోక్కోవడం మొదలుపెట్టినాడు. తోక మొదట్లో పళ్లతో కొరుక్కుంటా, రాత్రంతా బండ మీద కాలు టకటక కొడతా ఉంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. వారం తిరిగేలోపు నడుం మీద అరచెయ్యంత మేర వెంట్రుకలు రాలిపోయినాయి.

"పేలు పడినాయి రా, యాపాకు ఉడకబెట్టి నీళ్లు పోస్తే పోతాయి" అనింది అమ్మ. పోసినాం. రెండు రోజులు హాయిగా పడుకున్నాడు. మూడో రోజు మళ్లీ అదే టకటక. తర్వాత యాపనూనెలో కొబ్బరినూనె కలిపి పూసినా. వాడు ఒళ్లంతా నాకి నురగ కక్కినాడు, ఇల్లంతా ఆ వాసనే. ఎవరో చెప్పినారని నిమ్మకాయ రసం కూడా పూసినా. గోక్కొని గోక్కొని చీరుకుపోయిన తోలు మీద నిమ్మరసం పడితే ఎట్లుంటుందో నాకు ముందే తట్టలేదు. వాడు అరిచిన అరుపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పక్కింటి అవ్వ ఇంకో అడుగు ముందుకేసింది. "మా ఎనుములకు పొగాకు నీళ్లే పూసేవాళ్లం అబ్బీ. లేకుంటే ఇంత కిరసనాయిలు పుయ్యి." ఎందుకో చెయ్యి రాలేదు, మంచిదయింది. పొగాకు నీళ్లు కుక్క నాకితే ప్రాణం మీదికొస్తుందని, కిరసనాయిలు తోలును కాల్చేస్తుందని తర్వాత డాక్టరు చెప్పినాడు. అన్నంలో వెల్లుల్లి కలిపి పెట్టడం గురించి కూడా అడిగినా. ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడు చేస్తాయంట, వద్దే వద్దన్నాడు.

డాక్టరు దగ్గరికి పోకముందు మందుల షాపుకు పోయినా. అక్కడ జరిగింది నా నోటి తప్పే. "కుక్కకు గోమార్లు పట్టినాయి" అన్నా. మా వైపు కుక్క ఒంటి మీద పాకేదేదైనా గోమారే. ఆయన అమిట్రాజ్ అనే గోమార్ల మందు సీసా ఇచ్చినాడు, నీళ్లలో కలిపి తుడవమన్నాడు. రెండుసార్లు తుడిచినా లాభం లేదు. మళ్లీ పోయి మెడకు కట్టే పట్టీ, ఒక పౌడరు, ఒక షాంపూ తెచ్చినా. మొత్తం పదకొండొందలు దాటింది.

చివరికి డాక్టరు. ఆయన సన్నపండ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి దూది మీద వేసినాడు. కాసేపటికి దూది ఎర్రగా అయింది. "ఇది మట్టి కాదండీ, మీ కుక్క రక్తమే. తాగి విసర్జించిన పెంట. గోమారైతే తోలుకు కరుచుకొని ఉంటుంది, లాగినా సులభంగా రాదు. ఇవి దూకే పేలు. మీరు వాడిన సీసా మందు గోమార్లకు పని చేస్తుంది గానీ వీటిని నమ్మకంగా చంపదు." కర్రోడిది నల్ల ఒళ్లు కాబట్టి మాకు ఆ నలుసులు కనపడనే లేదు.

బెంగళూరులో ఉండే మా బావమరిది నెలకొక నమిలే మాత్ర చాలన్నాడని చెప్పినా. చిన్నప్పుడు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని అడిగినాడు డాక్టరు. మొదటి ఏడాది ఒకసారి వచ్చింది. అయితే అది వద్దన్నాడు. ఆ రకం మాత్రలతో కొన్ని కుక్కలకు వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. చాలా కుక్కలకు ఏమీ కాదు, కానీ మావాడికెందుకు ఆ గొడవ. బదులుగా ఫిప్రోనిల్ చుక్కల మందు రాసిచ్చినాడు. అది బరువును బట్టి. వాణ్ని ఎత్తుకొని తూకం మిషను మీద నిలబడి, నా బరువు తీసేస్తే పదహారు కిలోలు తేలింది. పది నుంచి ఇరవై కిలోల ట్యూబు. భుజాల మధ్య, నాలుక అందని చోట, వెంట్రుకలు పాయ తీసి తోలు మీదే పొయ్యాల. స్నానానికి ముందూ వెనకా రెండేసి రోజులు ఎడం ఉండాల. నేనేమో ఆ పొద్దున్నే శుభ్రంగా ఉంటాడని షాంపూతో కడిగి తీసుకుపోయినా! రెండు రోజులు ఆగినాం. పేనును కొరికి మింగితే దాంట్లోంచి కడుపులోకి బద్దెపురుగు పోతుందని ఒక నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చినాడు. తోక కింద బియ్యపుగింజల్లాంటివి అంటుకొని ఉండడం అమ్మ ముందే చూసిందంట, అన్నం మెతుకులనుకుందంట.

మందు వేసిన రెండో రోజుకే గోకుడు తగ్గింది. దసరాకు వాణ్ని కూడా తీసుకొని జమ్మలమడుగు అత్తగారింటికి పోయినాం, పది రోజులు. తిరిగొచ్చి తలుపు తీసి లోపల నాలుగడుగులు వేసినామో లేదో, చీలమండల మీద చురుక్కు చురుక్కుమని కుట్టినాయి. తెల్ల సాక్సు వేసుకొని నడిస్తే దాని మీద నల్లచుక్కలు ఎగురుతా కనపడినాయి. మందు నకిలీదని డాక్టరుకు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడినా.

ఆయన నవ్వి, "ఇంట్లో నేల ఏంది?" అని అడిగినాడు. కడప బండలన్నా. "సందులున్నాయా?"

అప్పుడు అర్థమయింది. కుక్క మీద కనపడేవి మొత్తంలో నూటికి ఐదు. మిగతా తొంభై ఐదు గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా వాడు పడుకునే చోటే ఉంటాయి. ఒక ఆడ పేను రోజుకు నలభై దాకా గుడ్లు పెడుతుంది, అవి జారి కింద పడతాయి. గూటిలో ఉన్నది నెలల తరబడి కదలకుండా ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. పది రోజులు ఖాళీగా ఉన్న ఇంట్లో అవన్నీ మాకోసమే కాచుకొని ఉన్నాయి.

ఇంక ఇంటి వైద్యం నేల మీద మొదలుపెట్టినాం. వాడి గోనెసంచి కాల్చేసినాం. దుప్పట్లు మరిగే నీళ్లలో ముంచి మిద్దె మీద ఎండేసినాం. అమ్మ చీపురు ఈనెతో ఒక్కో సందు గీకి, మరిగిన నీళ్లు పోసింది. రాత్రి చిన్న దీపం కింద తట్టలో సబ్బునీళ్లు పెడితే మొదటి రోజు పద్నాలుగు పడినాయి, వారం తిరిగేసరికి ఐదే. చివరికి బేల్దారిని పిలిపించి సందులు సిమెంటుతో పూడిపించినా. మిగిలిన పౌడరు పక్కింటి అవ్వ తన పిల్లికి అడిగింది. డబ్బా మీద పర్మెత్రిన్ అని ఉంది. అది పిల్లికి విషం, ఇయ్యలేదు. ఆమెకు కోపమొచ్చింది.

నెలనెలా మూడు ట్యూబులు అయిపోయేటప్పటికి తట్టలో ఏమీ పడడం లేదు, నడుం మీద వెంట్రుకలు మొలిచినాయి. యాపాకు నీళ్లతోనే పోయినాయని అమ్మ ఇప్పటికీ అంటాది, నెలకోసారి ఉడకబెడతానే ఉంది. నేను వద్దనలేదు. క్యాలెండరులో మందు వేసే తేదీకి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు ఎర్రపెన్నుతో చుట్టి పెట్టినా. ఆ రోజుల్లో మాత్రం పొయ్యి మీద యాపాకు గిన్నె పెట్టదు.