అమ్మ చేతులకి కారం

"ఒక్క నిమిషం ఆపరా" అంది అమ్మ. ఆపాను.

టీవీలో బెల్లి. పక్కన రఘు, తమిళనాడు ముదుమలై అడవిలో ఆమె, భర్త బొమ్మన్ కలిసి పెంచిన గున్న ఏనుగు. 2023లో ఆస్కార్ వచ్చిన డాక్యుమెంటరీ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' ఇన్నాళ్లకి చూశాం. గుంటూరు ఎండకి తలుపులేసుకుని, నట్టింట్లో పాత చీర పరిచి, ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తూ.

గంట కూడా లేని సినిమా. మాకు రెండు గంటలు పట్టింది. మాటలు తమిళం, కింద అక్షరాలు నేను తెలుగులో చెప్పాలి. మధ్యలో కరెంట్ ఒకసారి పోయింది, అది వేరే సంగతి.

కూతురు పోయిన దుఃఖంలో తను ఏడుస్తుంటే రఘు తొండంతో కన్నీళ్లు తుడిచాడని బెల్లి చెప్తుంది. చాలా మామూలుగా చెప్తుంది. ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. గోడ మీద అక్క ఫోటో వైపు ఇద్దరం చూడలేదు.

"కొంగుతో కాస్త తుడువు. చేతులు కారం" అంది అమ్మ.

తుడిచాను. చిన్నపిల్లలా మొహం పైకెత్తి కూర్చుంది.

తర్వాత రఘుని వేరేవాళ్లకి అప్పగించే సీన్ వస్తే మాత్రం ఊరుకోలేదు. "పెంచినోళ్ల దగ్గర్నుంచి తీసుకుపోతారా ఎక్కడన్నా!" అని టీవీనే తిట్టింది. వాళ్ల దగ్గరే అమ్ము అని ఇంకో గున్న ఉందని చెప్తే కొంచెం తగ్గింది.

"దానికి పాలు సరిగ్గా పడుతున్నారా?"

మిరపకాయలు ఇంకా సగం బస్తా ఉన్నాయి. రేపు మిల్లు.