ఇంటింటికీ తిరిగిన ఎన్నిక: కేంబ్రిడ్జ్‌షైర్‌లో నా అనుభవం

చదువుకోవడానికో ఉద్యోగానికో బ్రిటన్ వచ్చి ఉంటున్న భారత పౌరులకు ఇక్కడి ఎన్నికల్లో ఓటు ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు. కామన్వెల్త్ దేశ పౌరులై, చెల్లుబాటయ్యే వీసా ఉంటే చాలు, పార్లమెంటు ఎన్నికల్లోనూ స్థానిక ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఓటర్ల జాబితాలో ఉన్నారు కూడా. క్రెడిట్ స్కోరుకు మంచిదని ఎవరో చెబితే పేరు నమోదు చేసుకున్నారు. పోలింగ్ రోజు మాత్రం గడప దాటరు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. 2025 మే 1న జరిగిన కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికల్లో లిబరల్ డెమోక్రాట్ పార్టీ తరఫున పనిచేశాక ఆ బాధ ఇంకా పెరిగింది. ఒక్కో ఓటు కోసం ఇక్కడ ఎంత శ్రమపడతారో దగ్గరుండి చూశాను మరి.

ఆ పార్టీయే ఎందుకు అని మా వాళ్లు అడిగారు. ఎన్నికలున్నా లేకపోయినా మా వీధికి ఏడాది పొడవునా వచ్చిన కరపత్రం వాళ్లదొక్కటే. దాని పేరు 'ఫోకస్'. ఏ రోడ్డు మీద గుంతలు పూడ్చారు, ఏ బస్సు రద్దయ్యేలా ఉంది, బడి ముందు రోడ్డు దాటే చోటు ఎప్పుడు వస్తుంది, ఇవే అందులో వార్తలు. ఈ పద్ధతికి యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1970 సాధారణ ఎన్నికల్లో అప్పటి లిబరల్ పార్టీకి మిగిలినవి ఆరు సీట్లే. ఆ ఏడాదే ఈస్ట్‌బోర్న్‌లో జరిగిన మహాసభలో, ప్రజల రోజువారీ సమస్యల దగ్గరి నుంచే రాజకీయం మొదలుపెట్టాలని తీర్మానించారు. లివర్‌పూల్‌లో ట్రెవర్ జోన్స్ వంటి వారు కరపత్రాలు పట్టుకుని వీధి వీధీ తిరిగి, 1973 నాటికి ఆ నగర కౌన్సిల్‌లో లిబరల్స్‌ను అతిపెద్ద పార్టీగా నిలబెట్టారు. ఇప్పటి లిబరల్ డెమోక్రాట్లు బతుకుతున్నది ఆ వారసత్వం మీదే.

పనిలో దిగాక ముందుగా నేర్చుకోవాల్సి వచ్చింది, ఏ పని ఎవరిదన్నది. మా దగ్గర చెత్త తీసుకెళ్లడం, ఇళ్ల నిర్మాణానికి అనుమతులు ఇవ్వడం జిల్లా కౌన్సిల్ పని. రోడ్లు, గ్రంథాలయాలు, బడుల బాధ్యత, వృద్ధుల, వికలాంగుల సంరక్షణ కౌంటీ కౌన్సిల్ పని. బడ్జెట్‌లో పెద్ద వాటా ఆ సంరక్షణకే పోతుంది. అయినా తలుపు తీసిన వారిలో ఎక్కువమంది అడిగేది గుంతల గురించే. రోజూ కారు చక్రం కింద తగిలేది గుంతే కాబట్టి అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

అభ్యర్థి ఖర్చుకు ఇక్కడ పెట్టిన హద్దు చూసి ఆశ్చర్యపోయాను. 960 పౌండ్లు, దాని మీద ఓటరుకు 8 పెన్నీలు. ఎనిమిది వేల మంది ఓటర్లున్న డివిజన్ (కౌన్సిలర్‌ను ఎన్నుకునే ప్రాంతం) అయితే మొత్తం 1,600 పౌండ్లు. కౌన్సిల్ ఎన్నికలకు డిపాజిట్ లేదు. నామినేషన్ మీద ఇద్దరు స్థానిక ఓటర్లు సంతకం పెడితే చాలు. మన ఊళ్లో పంచాయతీ ఎన్నికకు ఎంత ఖర్చవుతుందో తెలిసినవారు కాబట్టి ఈ అంకెలు చెబితే మా నాన్నగారు మొదట నమ్మలేదు. డబ్బుతో చేయలేని పనిని ఇక్కడ కాళ్లతో చేస్తారు. కరపత్రాలు పంచడం అందులో మొదటి మెట్టు. ఇంగ్లండ్ తలుపులకు ఉత్తరాలు వేసే సందు ఒకటి ఉంటుంది. లోపల గట్టి కుంచె, స్ప్రింగు మూత, దాని వెనక ఒక్కోసారి కుక్క. వేలు లోపలికి పోనివ్వకుండా కరపత్రాన్ని చెక్క గరిటెతో నెట్టడం అనుభవజ్ఞులైన కార్యకర్తలు నాకు నేర్పారు. నా సంచిలో ఇప్పటికీ ఆ గరిటె ఉంది.

తలుపు తట్టి మాట్లాడడం వేరే విద్య. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వీధిని పంచుకుంటారు. ఇంట్లో ఓటర్లు ఎవరెవరో, గతంలో ఎటు మొగ్గారో ఫోనులో కనిపిస్తుంది. వాదించకూడదు, అడిగి వినాలి, విన్నది నమోదు చేయాలి, రెండు నిమిషాల్లో కదలాలి. మాకు ఓటు వేస్తామన్నవారినే కాదు, వేయబోమన్నవారినీ రాసుకోవాలి. పోలింగ్ రోజు ఎవరి తలుపు తట్టకూడదో తెలియడం కూడా అంతే ముఖ్యం.

ఒక సాయంత్రం ఒక పెద్దాయన తలుపు తీసి, ఈసారి వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీకే వేస్తానని నా ముఖం మీదే చెప్పారు. వలసలు ఎక్కువయ్యాయన్నారు. "మీ గురించి కాదమ్మా" అని వెంటనే ఒక మాట చేర్చారు. ఆ మాట నన్ను గుచ్చింది. అయినా నిలబడి విన్నాను. ఆయన భార్యకు ఆసుపత్రి అపాయింట్‌మెంటు నెలల తరబడి దొరకలేదు. 2024 జూలైలో లేబర్ ప్రభుత్వం చాలామంది పెన్షనర్లకు చలికాలపు ఇంధన సాయం ఆపేస్తున్నట్టు ప్రకటించింది; వీళ్లకూ అది పోయింది. మొదట వలసలతో మొదలైన కోపం అడుగడుగునా ఎక్కడెక్కడికి వెళ్తుందో అక్కడే చూశాను. ఆయన ఓటు మాకు రాదు, వ్యతిరేకి అని నమోదు చేశాను. ఆయన మీద మాత్రం నాకు కోపం రాలేదు.

మిల్ రోడ్డు దగ్గర అద్దె ఇంట్లో ఉంటున్న తెలుగు విద్యార్థుల దగ్గరకు నేనే పనిగట్టుకుని వెళ్లాను. ఓటరు నమోదుకు గడువు ఏప్రిల్ 11. "అక్కా, స్టూడెంట్ వీసా మీద ఉన్నాం, మాకు ఓటు ఎక్కడిది?" అని ఒకబ్బాయి అడిగాడు. ఇంకో అమ్మాయికి, పేరు నమోదు చేసుకుంటే వీసాకు ఏమైనా ఇబ్బంది వస్తుందేమోనని భయం. రాదని, చట్టమే ఇచ్చిన హక్కని చెప్పి, అక్కడే కూర్చుని ఇద్దరితో నమోదు చేయించాను. మరొకరు మాత్రం "మనకెందుకులే అక్కా, రెండేళ్లలో వెళ్లిపోతాం" అన్నారు. రెండేళ్లు ఈ బస్సుల్లోనే తిరుగుతావు కదా తమ్ముడూ అన్నాను. ఒప్పుకోలేదు. ఓటు వేయడం ఒకటి, పోటీ చేయడం ఒకటి. పోటీ చేయాలంటే మన వాళ్లకు శాశ్వత నివాస అనుమతి ఉండాలి. స్టోక్-ఆన్-ట్రెంట్‌కు లార్డ్ మేయర్‌గా చేసిన డాక్టర్ చంద్ర కన్నెగంటి తెలుగువారే. ఆయనది కన్జర్వేటివ్ పార్టీ. పార్టీ ఏదైనా మన వాళ్లు ఆ కుర్చీదాకా వెళ్లడం నాకు సంతోషమే.

పోలింగ్ ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా. మా కేంద్రం ఒక చర్చి హాలు. నా పని దాని బయట. నారింజ రంగు రోజెట్ (పార్టీ రిబ్బను బిళ్ల) పెట్టుకుని, ఓటు వేసి వచ్చేవారిని ఓటరు సంఖ్య అడిగి రాసుకోవడం. ఎవరికి వేశారని అడగకూడదు. సంఖ్య చెప్పడం కూడా వాళ్ల ఇష్టం. పక్కనే లేబర్ తరఫున ఒక పెద్దావిడ అదే పని చేస్తున్నారు. ఆవిడ టీ తాగడానికి వెళ్లినప్పుడు ఆవిడ జాబితా నేను రాశాను, నేను వెళ్లినప్పుడు నాది ఆవిడ రాశారు. పార్టీ జెండాల మధ్య కొట్లాటలు చూసి పెరిగిన నాకు ఆ నమ్మకం ఎంతో గొప్పగా అనిపించింది.

2023 మే నుంచి ఇంగ్లండ్‌లో ఓటు వేయడానికి ఫోటో గుర్తింపు కార్డు చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. వృద్ధుల బస్సు పాస్ చెల్లుతుంది, విద్యార్థి గుర్తింపు కార్డు చెల్లదు. ఈ తేడా నాకు న్యాయంగా కనిపించదు. ఆ రోజు ఒక కుర్రాడు యూనివర్సిటీ కార్డుతో వచ్చి వెనుదిరిగి వెళ్లాడు, మళ్లీ రాలేదు. లోపల వేలికి సిరా లేదు, యంత్రం లేదు. కాగితం, దారం కట్టిన పెన్సిల్, ఒక ఇంటూ గుర్తు. ఆ రోజు ఒక్కొక్కరికీ రెండు కాగితాలు ఇచ్చారు: ఒకటి కౌంటీ కౌన్సిల్‌కు, ఇంకొకటి కేంబ్రిడ్జ్‌షైర్, పీటర్‌బరో ఉమ్మడి ప్రాంత మేయర్‌కు.

సాయంత్రం అసలు పరుగు. మాకు వేస్తామని చెప్పినవారిలో ఇంకా ఎవరు రాలేదో జాబితా తీసి, వాళ్ల తలుపులు మళ్లీ తట్టాలి. ఒకామె పిల్లలను పడుకోబెట్టి వస్తానన్నారు. ఇంకో ఇంట్లో, ఆ రోజు బయట బాగా వెచ్చగా ఉన్నా, ఎనభై దాటిన దంపతులు కోట్లు వేసుకుని చేతులు పట్టుకుని బయలుదేరారు. పది గంటలకు తలుపులు మూసేదాకా నడుస్తూనే ఉన్నాం.

మరునాడు శుక్రవారం లెక్కింపు. కౌంటింగ్ ఏజెంటుగా వెళ్లాను. ముందు పరిశీలన జరుగుతుంది: ఒక్కో పెట్టె తెరిచి, అందులోని కాగితాల సంఖ్య పోలింగ్ కేంద్రం ఇచ్చిన లెక్కతో సరిపోయిందో లేదో చూస్తారు. మేము బల్లకు ఇవతల నిలబడాలి, కాగితాన్ని ముట్టుకోకూడదు. సిబ్బంది కాగితాలు తిప్పుతుంటే వాటి మీద గుర్తు ఎక్కడుందో కనిపెట్టి మా పుస్తకంలో గీతలు గీస్తాం, నాలుగు నిలువు, అయిదోది అడ్డం. ఒక పెట్టె పూర్తయ్యేసరికి ఆ ఊరు ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. మేము ఇంటింటికీ తిరిగిన ఊరి పెట్టెలో మా గీతలు నిండాయి. మనుషులు చాలక వెళ్లలేకపోయిన ఊరి పెట్టెలో రిఫార్మ్ గీతలు మా గీతలతో సమంగా పెరిగాయి. ఒకే డివిజన్, ఒకే అభ్యర్థి. ఇంతకన్నా స్పష్టంగా ఏ విశ్లేషకుడూ నాకు ఈ ఎన్నికను వివరించలేడు.

సందేహం వచ్చిన కాగితాలను రిటర్నింగ్ ఆఫీసర్ అన్ని పార్టీల ఏజెంట్లకూ చూపించి నిర్ణయిస్తారు. ఇంటూ బదులు టిక్కు పెట్టినా ఉద్దేశం స్పష్టంగా ఉంటే చెల్లుతుంది. ఒకరు కాగితం నిండా రాజకీయ నాయకులను తిడుతూ రాశారు, అది చెల్లలేదు. 'నోటా' లేని దేశంలో కోపం చూపించడానికి మిగిలిన దారి అదే.

సాయంత్రానికి లెక్క తేలింది. 61 స్థానాల కేంబ్రిడ్జ్‌షైర్‌లో లిబరల్ డెమోక్రాట్లకు 31. ఒక్క సీటు ఆధిక్యంతో పూర్తి మెజారిటీ. 2021లో 28 గెలిచి అతిపెద్ద పార్టీగా ఉన్న కన్జర్వేటివ్‌లకు 10, అంతకు ముందు ఒక్కటీ లేని రిఫార్మ్‌కు 10. హాల్లో మా వాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు, నేనూ ఏడ్చేశాను. అదే ఓటర్లు, పీటర్‌బరోతో కలిసి, అదే రోజు మేయర్‌గా కన్జర్వేటివ్ పార్టీకి చెందిన పాల్ బ్రిస్టోను గెలిపించారు. మేయర్‌ను ఎవరూ తమ గుమ్మం దగ్గర చూడలేదు, కౌన్సిలర్‌ను చూశారు. నాకు అర్థమైన కారణం ఇది.

దేశంలో మిగతాచోట్ల ఇంత సంబరం లేదు. ఆ రోజు ఎన్నికలు జరిగిన సుమారు 1,600 స్థానాల్లో రిఫార్మ్ 677 గెలిచి పది కౌన్సిళ్లను చేజిక్కించుకుంది. కెంట్‌లో 81కి 57 వాళ్లవే. కన్జర్వేటివ్‌లు అక్కడ 62 నుంచి 5కు పడిపోయారు. లిబరల్ డెమోక్రాట్లకు మొత్తం 370 స్థానాలు దక్కాయి, కన్జర్వేటివ్‌లకు వచ్చిన 319 కన్నా ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌షైర్, ష్రాప్‌షైర్ కూడా పార్టీ చేతికి వచ్చాయి. గ్లోస్టర్‌షైర్‌లో 55కు 27 గెలిచి ఒక్క సీటు దూరంలో ఆగిపోయింది. అయినా దేశమంతటా ఓటింగ్ జరిగి ఉంటే ఎలా ఉండేదో బీబీసీ వేసిన అంచనాలో పార్టీకి 17 శాతమే, రిఫార్మ్‌కు 30. మా గెలుపు ఎక్కువగా దక్షిణ ఇంగ్లండ్‌లోని చదువుకున్న, కాస్త కలిగిన ఊళ్ల గెలుపు అన్న మాట నిజం. పాత గనుల పట్టణాల్లోనూ తీరప్రాంతపు పేద ఊళ్లలోనూ మా కరపత్రం పట్టుకుని తిరిగే మనిషే లేడు. ఆ ఖాళీ పూరించకుండా 31 సీట్ల గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు.

మరో సంగతి. కౌంటీ, జిల్లా అంచెలను తీసేసి ఒకే అంచె కౌన్సిళ్లు పెట్టాలని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రతిపాదించింది. కేంబ్రిడ్జ్‌షైర్ కూడా అందులో ఉంది. మేము గెలుచుకున్న కౌన్సిలే కొన్నేళ్లలో ఉండకపోవచ్చు. కొత్త కౌన్సిళ్లకు కొత్త ఎన్నికలు వస్తాయి, కొత్త హద్దులు గీస్తారు, కొత్త జాబితాలు తయారవుతాయి.

ఆ జాబితాల్లో మీ పేరు ఉండాలి. బ్రిటన్‌లో ఉంటూ ఇది చదువుతున్న వారు ప్రభుత్వ వెబ్‌సైటులో ఓటరు నమోదు పేజీ తెరవండి. చిరునామా, పుట్టిన తేదీ, పౌరసత్వం, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడుగుతారు. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ నమోదు చేసుకోవాలి. పోలింగ్ రోజు ఊళ్లో ఉండకపోతే పోస్టు ద్వారా ఓటుకు దరఖాస్తు పెట్టండి. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు జేబులో పెట్టుకోండి.