ఐపీ పెట్టినాయనకు మెజారిటీ పెరిగింది

ఆదివారం. వారం బట్టలన్నీ ఉతికి ఆరేసేసరికి పదకొండైంది. న్యూజిలాండ్ దక్షిణాన ఉన్న ఈ ఇన్వర్‌కార్గిల్ చలికి బయటికి కదలబుద్ధి కాదు. ఇంట్లోనే ఉంటే నిద్రపోతానని బ్లఫ్ అనే ఊరి దాకా కారు తీశాను. అరగంట దారి. దిగుదామంటే గాలికి కారు తలుపు తెరుచుకోలేదు, భుజంతో నెట్టాల్సి వచ్చింది.

ఈ ఊరి శ్మశానంలోనే ఒకప్పటి రాజకీయ నాయకుడు జోసెఫ్ వార్డ్ సమాధి ఉంది. ఈ మధ్య ఆయన గురించి చదివిన దగ్గర్నుంచి అదే ధ్యాస. పదమూడేళ్లకే టెలిగ్రాములు మోసిన కుర్రాడు. ధాన్యం వ్యాపారం చేశాడు, బ్లఫ్‌కు మేయరయ్యాడు, 1893లో ఏకంగా, అప్పటికి బ్రిటిష్ కాలనీగా ఉన్న న్యూజిలాండ్‌కు ఖజానా మంత్రి. దేశం లెక్కలు చూస్తూనే సొంత కంపెనీని అప్పుల్లో ముంచాడు. 1896లో ఈయన అప్పుల్లోంచి ఇక కోలుకోలేడని జడ్జి విలియమ్స్ తేల్చేయడంతో మంత్రి పదవి వదిలాడు. అయినా ఆ డిసెంబరు ఎన్నికల్లో ఆయన నియోజకవర్గం అవారువా జనం ఆయన్నే గెలిపించారు.

అసలు తమాషా 1897లో. జూలైలో ఐపీ పెట్టాడు. దివాలా తీసిన సభ్యుడి సీటు పోతుంది కాబట్టి రాజీనామా చేశాడు. కానీ అలాంటివాడు మళ్లీ నిలబడకూడదని చట్టంలో ఎక్కడా లేదు! ఆగస్టు 5న ఉప ఎన్నిక. అదే సీటుకు నిలబడ్డాడు, ముందుకంటే ఎక్కువ మెజారిటీతో గెలిచాడు. అప్పటికి ఆడవాళ్లకూ ఓటు ఉంది కాబట్టి ఇది మగవాళ్ల అభిమానం ఒక్కటే అనలేం.

సాయంత్రం ఫోన్లో నాన్నకు చెప్పాను.

"అప్పిచ్చినోళ్లు కూడా ఓటేశారంట్రా?"

"ఏమో నాన్నా."

"ఓడిస్తే బాకీ ఎవడు తీరుస్తాడని వేసుంటార్లే."

నాకైతే మనవాడిని అందరూ కలిసి తొక్కుతున్నారన్న ఉక్రోషమే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది. నేనక్కడుంటే వేసేవాణ్ని కాదు. జనం డబ్బు చూడాల్సిన మనిషి సొంత డబ్బే చూసుకోలేకపోయాడు కదా.

ఆయన మాత్రం 1906లో ప్రధాని కూడా అయ్యాడు. మరుసటి ఏడాది న్యూజిలాండ్ కాలనీ హోదా వదిలి డొమినియన్ (బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ తనను తాను పాలించుకునే దేశం) అయింది ఈయన హయాంలోనే. 1928 ప్రచారంలో చేతిలో కాగితం సరిగ్గా కనపడక, 7 కోట్ల పౌండ్ల అప్పు ఒక్క ఏడాదిలోనే తెస్తాననేశాడని చెబుతారు. ఆ ఎన్నికల తర్వాత మళ్లీ ప్రధాని.

ఇది వినగానే నాన్న, "చూశావా, అప్పు చేయడం వచ్చినోడికే జనం ఓటేస్తారు. మీ పెదనాన్నని సర్పంచిగా నిలబెడదాం" అన్నాడు. పక్కనుంచి అమ్మ ఫోన్ లాగేసుకుంది.