సంతకం చేసిన ఇటలీ, సంతకం చేయని బ్రిటన్

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు చెప్పమంటే మనలో చాలామందికి నోటికి వచ్చే జవాబు ఒకటుంది. యూరప్ రెండు కూటములుగా చీలిపోయింది, సారాజెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది, ఒప్పందాల గొలుసు ఒక్కొక్క దేశాన్నీ యుద్ధంలోకి లాగింది. పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టిన ఈ జవాబును నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఈ మధ్య ఒప్పందాల తేదీలను, యుద్ధ ప్రకటనల తేదీలను పక్కపక్కన రాసుకుని చూశాక మాత్రం, ఆ గొలుసులో ఉండవలసిన చోట కొన్ని కొంకెలు లేవనీ, ఉన్న చోట కొన్ని పని చేయలేదనీ తెలిసింది.

ఇటలీనే చూడండి. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ 1879లో చేసుకున్న మైత్రిలో అది 1882లో చేరింది, ఆ ఒప్పందాన్ని పలుమార్లు పొడిగిస్తూ వచ్చింది, చివరిసారిగా 1912 డిసెంబరులో పునరుద్ధరించుకుంది. అయినా 1914 ఆగస్టులో తటస్థంగా ఉండిపోయింది. ఒప్పందం ఆత్మరక్షణకు ఉద్దేశించినదనీ, ఆస్ట్రియాయే సెర్బియా మీదికి వెళ్లింది కాబట్టి తనకు బాధ్యత లేదనీ రోమ్ వాదించింది. ఒప్పందం మాటలను బట్టి చూస్తే ఆ వాదనలో తప్పేమీ లేదు. 1883 నుంచి రహస్యంగా అదే కూటమిలో ఉన్న రుమేనియా కూడా, దాని రాజు కరోల్ జర్మన్ రాజవంశీకుడే అయినప్పటికీ, కదలలేదు.

ఇప్పుడు బ్రిటన్‌ను చూడండి. ఫ్రాన్స్‌తో 1904లో, రష్యాతో 1907లో అది చేసుకున్నవి వలసల తగాదాల పరిష్కారాలు: ఈజిప్టు నీకు, మొరాకో నాకు అన్నట్టు ఒకటి, పర్షియా, అఫ్గానిస్తాన్, టిబెట్‌ల గురించి మరొకటి. యుద్ధం వస్తే సైన్యం పంపుతామన్న వాక్యం వాటిలో ఎక్కడా లేదు. సెర్బియాను కాపాడి తీరాలని రష్యాను కట్టిపడేసే ఒప్పందం కూడా ఏదీ లేదు. అయినా రష్యా కదిలింది, బ్రిటన్ కదిలింది. సంతకం చేసినవాళ్లు ఆగిపోగా, చేయనివాళ్లు ముందుకు దూకారు. బెల్జియం తటస్థతకు హామీ ఇచ్చిన 1839 నాటి లండన్ ఒప్పందం మాట వేరు. బ్రిటన్ యుద్ధ ప్రకటనకు బయటికి చూపించిన కారణం అదే. అయితే ఆ ఒప్పందం మీద, తర్వాత జర్మనీగా ఎదిగిన ప్రష్యా సంతకం కూడా ఉంది, జర్మన్ ఛాన్సలర్ బెథ్‌మన్ హోల్వెగ్ దాన్ని ఒక చిత్తుకాగితంగా తీసిపారేశాడు కూడా. ఒకే కాగితం ఒక రాజధానిలో శిలాశాసనమై, మరొక రాజధానిలో చిత్తుకాగితమైతే, దేశాలను నడిపించింది ఆ కాగితమేనని ఎలా నమ్మడం?

వాటిని నడిపించినది, నాకు అర్థమైనంతవరకు, ఒంటరిగా మిగిలిపోతామేమోనన్న భయం. బ్రిటన్ 1912లో ఫ్రాన్స్‌తో నౌకాదళాల సర్దుబాటు ఒకటి చేసుకుంది. ఫ్రెంచి నౌకలు మధ్యధరా సముద్రాన్ని చూసుకుంటే, ఉత్తర సముద్రాన్నీ ఇంగ్లిష్ చానల్‌నూ బ్రిటన్ చూసుకోవాలి. దీనివల్ల ఫ్రాన్స్ ఉత్తర తీరం ఖాళీ అయింది. యుద్ధం వస్తే ఏం చేయాలో లిఖితపూర్వకంగా ఏమీ లేకపోయినా, తమను నమ్మి ఇంటి తలుపు తీసిపెట్టినవాళ్లను వదిలేయడం ఎలాగన్న ప్రశ్న 1914 ఆగస్టు మొదటి రోజుల్లో లండన్ మంత్రివర్గాన్ని వేధించింది. చివరిదాకా వ్యతిరేకించిన ఇద్దరు మంత్రులు, జాన్ మోర్లీ, జాన్ బర్న్స్, రాజీనామా చేశారు. జర్మనీ గెలిస్తే ప్రమాదం, రష్యా, ఫ్రాన్స్‌లే గెలిస్తే కష్టకాలంలో కలిసిరాని స్నేహితుడిని అవి క్షమించవు. ఎటు చూసినా బయట ఉండడమే ఎక్కువ నష్టంగా కనిపించింది.

బెర్లిన్‌లో భయం మరొక రకంగా ఉంది. ఫ్రెంచి అప్పులతో రష్యా రైలుమార్గాలు వేసుకుంటోంది, దాని సైనిక విస్తరణ 1917 నాటికి పూర్తవుతుందని అంచనా. అప్పటిదాకా ఆగితే ఓటమి ఖాయమనీ, తప్పనిసరైన యుద్ధం ఇప్పుడే రావడం మేలనీ జర్మన్ సేనానులు బాహాటంగానే అనుకున్నారు. పొరుగున ఆస్ట్రియాకు, బాల్కన్ యుద్ధాల తర్వాత దాదాపు రెట్టింపైన సెర్బియాను చూస్తే గుబులు. జర్మనీ దృష్టిలో తనకు మిగిలిన అసలైన మిత్రదేశం ఆ ఆస్ట్రియా ఒక్కటే. జూలై 5న జర్మన్ చక్రవర్తి (కైజర్) రెండో విల్హెల్మ్ ఆస్ట్రియాకు ఇచ్చిన బ్లాంక్ చెక్కు ఈ భయంలోంచి పుట్టింది. రష్యా దాడి చేస్తేనే సాయం చేయాలని 1879 ఒప్పందం అంటుండగా, ఏం చేసినా మీ వెనుక ఉంటామని కైజర్ చెప్పాడు. మిత్రుడిని కోల్పోతామన్న భయంతో, ఒప్పందం అడగనిదాన్ని కూడా ఇచ్చేశారన్నమాట.

ఆ జూలై చివరి వారంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది, యుద్ధం వద్దనుకున్న క్షణాలు కూడా ఉండడం. ఆస్ట్రియా 23న 48 గంటల గడువుతో పంపిన అల్టిమేటంకు సెర్బియా ఇచ్చిన జవాబు, తమ భూభాగంలో దర్యాప్తుకు ఆస్ట్రియా అధికారులను రానివ్వాలన్న షరతు వంటివి మినహా, చాలావరకు లొంగుబాటే. 28న దాన్ని చదివిన విల్హెల్మ్, ఇక యుద్ధానికి కారణమే లేదని దాని మీద రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించేసింది. మరునాడు రష్యా చక్రవర్తి రెండో నికొలాస్ పూర్తి సైన్య సమీకరణకు ఉత్తర్వు ఇచ్చి, దాయాది అయిన విల్హెల్మ్ నుంచి టెలిగ్రామ్ రాగానే దాన్ని పాక్షిక సమీకరణగా మార్చాడు. సగం సమీకరణ మొదలుపెడితే పూర్తి సమీకరణ ప్రణాళిక మొత్తం చెడిపోతుందని సేనానులు గగ్గోలు పెట్టగా, 30న మళ్లీ మాట మార్చుకున్నాడు. ఈసారి అనుమతి వస్తే తన టెలిఫోన్‌ను పగలగొట్టి, మరో రద్దు ఉత్తర్వు అందకుండా ఎవరికీ కనబడనని సైన్యాధిపతి యనుష్కేవిచ్ ముందే చెప్పి ఉంచాడు.

ఆగస్టు 1న బెర్లిన్‌లోనూ దాదాపు ఇదే కథ నడిచింది. ఫ్రాన్స్ మీదికి వెళ్లకపోతే బ్రిటన్ తటస్థంగా ఉండవచ్చని లండన్‌లోని రాయబారి నుంచి టెలిగ్రామ్ వచ్చింది. అది అపార్థమని తర్వాత తేలింది గానీ, అప్పటికి విల్హెల్మ్ ఉబ్బితబ్బిబ్బై, సైన్యాన్నంతా తూర్పుకు, రష్యా వైపుకు తిప్పమన్నాడు. లక్షల సైన్యాన్ని అప్పటికప్పుడు తిప్పడం కుదరదనీ, ఏడాది పొడవునా కూర్చిన రైళ్ల పట్టికను చెడగొడితే మిగిలేది క్రమం తప్పిన గుంపేననీ సేనాధిపతి మోల్ట్‌కె జవాబిచ్చాడు. మీ పెదనాన్న అయితే మరోలా చెప్పేవాడని కైజర్ ఎత్తిపొడిచాడు. 1870 యుద్ధంలో ఫ్రాన్స్‌ను ఓడించినవాడు ఆ పెదనాన్నే. సైన్యాన్ని తూర్పుకు తిప్పడం సాధ్యమయ్యేదేనని రైల్వే విభాగం చూసిన అధికారి యుద్ధం తర్వాత లెక్కలతో సహా రాశాడు. ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో ముగించి రష్యా మీదికి తిరగాలన్న ప్రణాళికకు ప్రతి రోజూ లెక్కే. రష్యా సమీకరణ మొదలైతే జర్మనీకి ఆగడం కుదరదు, జర్మనీ కదలాలంటే బెల్జియం గుండానే వెళ్లాలి. దౌత్యం రోజుల్లో మాట్లాడుతుండగా రైళ్లు నిమిషాల్లో మాట్లాడాయి.

అయితే పొత్తులకు ఇందులో పాత్రే లేదని నేను అనడం లేదు. వాటి అసలు పాత్ర యుద్ధాన్ని మొదలుపెట్టడంలో కన్నా, దాన్ని ముగియనివ్వకపోవడంలో ఉంది. పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టే విషయం ఇదేనని నా ఫిర్యాదు. 1914 సెప్టెంబరు 5న బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా విడివిడిగా సంధి చేసుకోబోమని లండన్‌లో ప్రకటన చేశాయి. అంతవరకు వదులుగా ఉన్న స్నేహం ఆ రోజున నిజమైన కూటమి అయింది. ఆ తర్వాత ఎవరు అలసిపోయినా, మిగిలినవాళ్ల కోరికలన్నీ తీరేదాకా పోరాడవలసిందే. కొత్తగా ఎవరినైనా చేర్చుకోవాలంటే ఏదో ఒకటి ఇవ్వాలి, ఇవ్వడానికి సొంత భూమి ఎవరూ తీయరు కాబట్టి, ఇంకా గెలవని శత్రువు భూమినే ముందుగా రాసిచ్చేవాళ్లు.

రష్యాకు 1915 మార్చిలో, జర్మనీ పక్షాన ఉన్న టర్కీ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ ఇస్తామన్నారు. పాత మిత్రులను వదిలిన ఇటలీకి 1915 ఏప్రిల్‌లో లండన్ రహస్య ఒప్పందంతో దక్షిణ టిరోల్, ట్రియెస్టె, డాల్మేషియా తీరంలో కొంత భాగం రాసిచ్చారు, మరుసటి నెలలో అది ఆస్ట్రియా మీద యుద్ధానికి దిగింది. రుమేనియాకు 1916లో ట్రాన్సిల్వేనియా. టర్కీ మీద తిరుగుబాటు చేస్తే అరబ్బులకు స్వతంత్ర రాజ్యమని మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్‌కు రాసిన బ్రిటనే, 1916 మేలో సైక్స్, పికో అనే ఇద్దరు దౌత్యవేత్తల పేర్లతో అదే ప్రాంతాన్ని ఫ్రాన్స్‌తో గీతలు గీసి పంచుకుంది, 1917 నవంబరు 2న పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పరుస్తామని ప్రకటించింది. చైనాలో జర్మనీకి ఉన్న షాంటుంగ్ హక్కులను జపాన్‌కు ఇప్పిస్తామని 1917 మొదట్లో మాట ఇచ్చింది. చైనా కూడా అదే ఏడాది ఆగస్టులో మిత్రరాజ్యాల పక్షాన చేరడం ఈ లెక్కలోని వికృతమైన వేళాకోళం.

యుద్ధం ఆపాలనుకున్నవాళ్లకు ఈ వాగ్దానాలే అడ్డుగోడలయ్యాయి. ఆస్ట్రియా కొత్త చక్రవర్తి కార్ల్ 1917 మార్చిలో తన బావమరిది, బెల్జియం సైన్యంలో ఉన్న యువరాజు సిక్స్‌టస్ ద్వారా ఫ్రాన్స్‌కు రహస్యంగా సంధి కబురు పంపాడు. ఇటలీకి ఇవ్వజూపిన భూముల సంగతి తేలక ఆ ప్రయత్నం వీగిపోయింది. ఏడాది తర్వాత ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో ఆ లేఖను బయటపెట్టడంతో కార్ల్ జర్మనీ ముందు తలవంచుకోవలసి వచ్చింది. రష్యాలో జార్ పడిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం కథ ఇంకా విషాదకరం. సైనికులు ఇంటికి పోతామంటుంటే, మిత్రరాజ్యాలకు ఇచ్చిన మాట కోసం యుద్ధమంత్రి కెరెన్‌స్కీ 1917 జూలైలో మరో దాడి చేయించాడు. అది కుప్పకూలింది, నాలుగు నెలలకే బోల్షెవిక్కులు వచ్చారు. రహస్య ఒప్పందాలన్నిటినీ వారి నాయకుడు ట్రాట్‌స్కీ పత్రికల్లో అచ్చువేయించాడు.

పర్యవసానాల గురించి రాసేటప్పుడు సంఖ్యలతో మొదలుపెట్టడం ఆనవాయితీ: ప్రాణాలు కోల్పోయిన సైనికులు 90 లక్షల నుంచి కోటి వరకు, కూలిన సామ్రాజ్యాలు నాలుగు. సోమ్ నది దగ్గర 1916 జూలై 1న ఒక్క రోజులోనే బ్రిటిష్ సైన్యం 57,470 మందిని నష్టపోయింది, వారిలో 19,240 మంది చనిపోయారు. ఈ అంకెల ముందు మాట పెగలదు. నేను చెప్పదలచుకున్నది మాత్రం, యుద్ధకాలంలో పంచిన వాగ్దానాలు 1919లో పారిస్‌లో ఒకదానికొకటి అడ్డంపడిన సంగతి. షాంటుంగ్ జపాన్‌కే పోవడంతో మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, చైనా వెర్సాయ్ ఒప్పందం మీద సంతకమే చేయలేదు. అరబ్బులకు రాజ్యం బదులు మాండేట్ పేరుతో బ్రిటన్, ఫ్రాన్స్‌ల పాలన దక్కింది. హంగరీ 1920లో తన భూభాగంలో మూడింట రెండు వంతులు కోల్పోయింది.

భారతదేశం ఈ పద్దులో ఎక్కడ ఉందో చెప్పకపోతే చిత్రం అసంపూర్తి. బ్రిటన్ యుద్ధం ప్రకటించడంతోనే, ఎవరూ అడగకుండానే, భారతదేశం యుద్ధంలో ఉంది. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్‌డెన్ అనే జర్మన్ నౌక వచ్చి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చిపోయింది. పది లక్షలకు పైగా భారతీయులు ఫ్రాన్స్, మెసొపొటేమియా, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికాలకు వెళ్లారు, 70 వేలకు పైగా తిరిగి రాలేదు. క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామని 1917 ఆగస్టులో బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు ప్రకటించాడు. 1919 మార్చిలో వచ్చినది రౌలట్ చట్టం, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. టర్కీ ప్రధాన భూములను లాక్కోవడానికి పోరాడడం లేదని 1918 జనవరిలో బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ అన్నాడు, 1920లో సెవ్ర ఒప్పందం వాటిని ముక్కలు చేసింది, ఖిలాఫత్ ఉద్యమం ఆ మాటనే పట్టుకుని నిలదీసింది.

జర్మనీ మీద వేసిన నష్టపరిహారం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1921లో నిర్ణయించిన మొత్తం 13,200 కోట్ల బంగారు మార్కులు. దానిలో పెద్ద భాగం ఎన్నటికీ వసూలు కాదని వేసినవాళ్లకే తెలుసు. మరి ఎందుకు తగ్గించలేదంటే, మిత్రరాజ్యాలు అమెరికాకు దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల అప్పు పడి ఉన్నాయి, ఆ అప్పును అమెరికా మాఫీ చేయనంది. అమెరికా ప్రైవేటు బ్యాంకులు జర్మనీకి అప్పిస్తే, జర్మనీ ఫ్రాన్స్‌కు, బ్రిటన్‌కు కట్టడం, అవి తిరిగి అమెరికాకు కట్టడం 1924 తర్వాత నడిచిన తిరకాసు. 1929 సంక్షోభం వచ్చేసరికి ఆ చక్రం ఆగిపోయింది.

ఇక ఇటలీ. టిరోల్, ట్రియెస్టె దక్కినా, డాల్మేషియా చాలావరకు దక్కలేదు. గెలిచి కూడా మోసపోయామన్న మాట దేశమంతా పాకింది, కవి డానున్‌జియో 1919 సెప్టెంబరులో సాయుధులతో వెళ్లి ఫ్యూమె నగరాన్ని పట్టుకున్నాడు, 1922 అక్టోబరులో ముస్సోలినీ అధికారానికి వచ్చాడు. 1939 మే 22న అతని ప్రభుత్వం జర్మనీతో ఉక్కు ఒప్పందం చేసుకుంది. ఆత్మరక్షణ అన్న షరతే లేకుండా, ఒకరు యుద్ధంలో పడితే రెండోవారు తక్షణం సర్వశక్తులతో రావాలని ఈసారి స్పష్టంగా రాశారు. మూడు నెలలు దాటి కొద్ది రోజులకు, సెప్టెంబరు 1న, జర్మనీ పోలండ్ మీదికి వెళ్లింది. తాను యుద్ధంలో పాల్గొనడం లేదని ఇటలీ ఆ రోజే ప్రకటించి, ఫ్రాన్స్ ఓటమి కళ్లకు కట్టేదాకా, అంటే 1940 జూన్ 10 వరకు, కదలలేదు.