మ్యాపులో మా ఇసక ఏది?

ఒడిశాలో గోపాల్‌పూర్ పక్క మా ఊళ్ళో ఎక్కువమందిమి సముద్రంలో వేట చేసుకునే వాడబలిజలమే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆఫీసు కాగితం ఏదొచ్చినా చదివిపెట్టమని నా జెరాక్స్ షాపుకే తెస్తారు. ఈమధ్య తీరం అభివృద్ధి ప్లాను ముసాయిదా అలాగే వచ్చింది. నోటీసు ఒడియాలో, మ్యాపు ఇంగ్లీషులో. బీచ్ రోడ్డు, పార్కింగు, కూర్చునే గట్లు అన్నీ రంగుల్లో ఉన్నాయి. మా ఇళ్ళకీ నీటికీ మధ్య మాత్రం ఉత్త పసుపు.

మా మేనత్త చాలాసేపు చూసింది. "ఏట్రా ఇది? నేను నెత్తళ్ళు ఆరబెట్టేది ఇక్కడే కదా?"

పొద్దున్న పడవలు ఒడ్డుకొచ్చాక మంచి చేపంతా ఐసులో బరంపురం పోతుంది. మిగిలిన నెత్తళ్ళు, కవళ్ళు ఆడవాళ్ళు కొంటారు. పాత వలలు పరిచి పల్చగా ఆరబోస్తారు, ఎండెక్కాక తిరగేస్తారు, కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ అక్కడే కూర్చుంటారు. మబ్బు పట్టిందంటే అందరికీ టెన్షనే. ఎవరి జాగా ఎంతవరకో ఊరందరికీ తెలుసు, పట్టా మాత్రం ఎవరికీ లేదు. ప్లాను గీసినాయన ఒక్క మధ్యాహ్నం వచ్చి ఉంటే వాసన బట్టయినా కనిపెట్టేవాడు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అంతకుముందు ఇంటింటికీ వచ్చి మమ్మల్ని ఖాళీ చేయించారు. ఆరోజు దొరికిన ఊరు ఇప్పుడు మ్యాపులో దొరకలేదు!

తీరంలో ఏది ఎక్కడ కట్టొచ్చో చెప్పే కేంద్రం నిబంధనలు, అంటే 2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం మత్స్యకారుల ఊళ్ళు, ఉమ్మడి స్థలాలు, చేపలు ఆరబెట్టే చోట్లు తీరం మ్యాపుల్లో చూపించాలి. 2011 నాటి దాంట్లోనూ ఈ మాట ఉంది. అసలు తిరకాసు స్కేలు దగ్గర. 1:25,000 మ్యాపులో సెంటీమీటరంటే 250 మీటర్లు, మా అత్త జాగా పెన్ను చుక్క కింద పోతుంది. ఊరి స్థాయి మ్యాపు దాదాపు 1:4,000లో ఉంటుంది, సెంటీమీటరుకి 40 మీటర్లు. అందులోనైతే దాచడం కష్టం.

ఇక భాష. అల్పసంఖ్యాక భాషవాళ్ళు 15 శాతం ఉన్న తాలూకాలో, మునిసిపాలిటీలో ముఖ్యమైన నోటీసులు వాళ్ళ భాషలోనూ ఇవ్వాలని ప్రభుత్వాలు ఏనాడో ఒప్పుకున్నాయి. కానీ మేముండేది సముద్రం వెంబడి సన్నటి బద్దలో. లోపలి ఊళ్ళన్నీ కలిపి లెక్కేస్తే మా శాతం పలచబడిపోతుంది. ప్లాను పడేది మాత్రం ఆ బద్ద మీదే.

అభ్యంతరం నేను ఒడియాలో రాశాను, మావాళ్ళకి తెలుగు ప్రతి తీసిచ్చాను. ఆడవాళ్ళు ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని తమ జాగాల అంచు వెంట నడిచారు, ఆ గీత జతచేశాం. ఊరి స్థాయి మ్యాపు ఇమ్మన్నాం. సభ మా ఊళ్ళోనే పెట్టి తెలుగులో చదివి వినిపించమన్నాం, అదీ చేపల అమ్మకం అయ్యాక. పార్కింగు రోడ్డుకి అవతల కట్టుకోమన్నాం. అక్కడ కావలసినంత జాగా ఉంది.