డిక్కీ మీద సొట్ట

ఇంటర్ నుంచీ నాకు పాత కార్ల పిచ్చి. నిరుడు కొన్న ప్రీమియర్ పద్మిని కార్బురేటర్ నేనే విప్పి కడిగాను. ఇంజన్ 1089 సీసీయే. అయినా స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే చాలు, ఏ కొత్త కారూ గుర్తు రాదు.

మొన్న అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఆపితే ఒకాయన వచ్చాడు. "ఏమప్పా, డిక్కీ తాళం కింద సొట్ట ఉండాలే?"

ఉంది. రంగు వేసినా వేలికి తగులుతుంది.

ముఖం చూస్తే పాలిటెక్నిక్‌లో నా పక్క బెంచీ వాడు! 30 ఏళ్లయింది. ఇది వాళ్ల నాన్న కారట. తాళాలు చేతికిచ్చాను. కూర్చున్నాడు కానీ స్టార్ట్ చేయలేదు, చల్లబడ్డ ఇంజన్ అందుకోవడానికి లాగే చోక్ పిడి పట్టుకుని ఉండిపోయాడు.

"పొద్దున్నే నాన్న దీన్ని లాగే చప్పుడుకే లేచేవాణ్ణిరా."

ఆదివారం తాడిపత్రి దాకా పోతున్నాం. వాడే నడుపుతాడు.